బోర్డు మీద ఇండియా, వంటింట్లో సిల్హెట్

బ్రిటన్‌లో 'ఇండియన్ రెస్టారెంట్' అన్న బోర్డు చూసి లోపలికి వెళ్లే మనవాళ్లలో చాలామందికి, అక్కడ వండేదీ వడ్డించేదీ ఎక్కువగా బంగ్లాదేశీయులేనని తెలియదు. వాళ్లలోనూ అత్యధికులు సిల్హెట్ ప్రాంతం వాళ్లు. వంటవాళ్లను రానివ్వండి అని వాళ్ల సంఘం, బంగ్లాదేశ్ కేటరర్స్ అసోసియేషన్, ఏళ్ల తరబడి బ్రిటన్ ప్రభుత్వం చుట్టూ తిరుగుతోంది. ఈ కథ ఓడల దగ్గర మొదలైంది.

కలకత్తా రేవు నుంచి వెళ్లే ఆవిరి ఓడల్లో బొగ్గు ఎగదోసే పనికి సిల్హెట్ లస్కర్లు, అంటే ఓడ కూలీలు, ఎక్కువగా వెళ్లేవారు. లండన్‌లో దిగి మళ్లీ ఓడెక్కని వాళ్లు హోటళ్లలో గిన్నెలు కడిగారు, ఉల్లిపాయలు తరిగారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, బాంబులకు దెబ్బతిన్న కేఫ్‌లను కొని బాగుచేసుకున్నారు. పాత గిరాకీ పోకుండా చేప, చిప్స్ అమ్ముతూనే పక్కన కూర, అన్నం పెట్టారు. రాత్రి పబ్బులు మూసేశాక ఆకలితో వచ్చేవాళ్ల కోసం కొట్టు తెరిచే ఉంచారు.

సంఘం పుట్టింది 1960లో. అప్పటికి బంగ్లాదేశ్ అనే దేశమే లేదు, సిల్హెట్ తూర్పు పాకిస్తాన్‌లో ఉండేది. రెండేళ్లకే, 1962లో, కామన్వెల్త్ వలసల చట్టం వచ్చింది. అంతవరకూ నేరుగా వచ్చినవాళ్లకు ఇక పని వోచర్, అంటే పని చేసుకోవడానికి అనుమతి పత్రం, కావాలి. అప్పటికే అక్కడున్నవాళ్లు తమ్ముడికో మేనల్లుడికో వోచర్ తెప్పించి వంటింట్లో పెట్టుకున్నారు. ఈ వ్యాపారం విస్తరించింది ఆ చుట్టరికాల మీదే.

ఆ వంట కాలేజీలో వచ్చేది కాదు. పెద్ద డేగిసాలో ఉల్లిపాయలు గంటల తరబడి ఉడికించి, మెత్తగా రుబ్బి గ్రేవీ సిద్ధం చేసుకుంటారు. ఆర్డర్ రాగానే పెనంలో గరిటెడు పోసి, మసాలాలు మార్చి, నిమిషాల్లో కుర్మా, మద్రాస్, విందాలూ అనే కూరలు దించుతారు. భగభగలాడే తందూరులో చెయ్యి పెట్టి నాన్ అతికించడం కూడా పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.

ఇప్పుడు అలా నేర్చుకునేవాళ్లే దొరకడం లేదు. యజమానుల పిల్లలు అకౌంటెంట్లు, డాక్టర్లు అవుతున్నారు. తండ్రులు రాత్రులు మేల్కొని కష్టపడిందీ అందుకే, ఇందులో తప్పుపట్టేదేమీ లేదు. కానీ ఖాళీ అయిన చోటు నింపే దారి ఏది? 2008లో, అర్హతలకు పాయింట్లు లెక్కగట్టి వీసా ఇచ్చే పద్ధతి వచ్చాక కర్రీ హోటళ్ల వాళ్లు ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ప్రదర్శన చేశారు. తర్వాత ఇంకో మెలిక పెట్టారు: మనుషుల కొరత ఉన్న ఉద్యోగాల జాబితా కింద బయటి దేశం నుంచి షెఫ్‌ను తెచ్చుకోవాలంటే ఆ హోటల్లో టేక్‌అవే, అంటే పార్సిల్ అమ్మకం, ఉండకూడదు. టేక్‌అవే లేని కర్రీ హోటల్ ఎక్కడుంది? ఆ నిబంధన తీసేయడానికి 2019 దాకా పట్టింది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది 2016 నాటి సంగతి. యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ విడిపోతే (అదే బ్రెగ్జిట్) దక్షిణాసియా షెఫ్‌లకు దారి తెరుచుకుంటుందని రెఫరెండం ప్రచారంలో ఆశపెట్టారు. సంఘం పెద్దల్లో కొందరు అది నమ్మి బ్రెగ్జిట్‌కు మద్దతిచ్చారు. కానీ 2024 ఏప్రిల్‌లో, బయటి దేశాల పనివాళ్లకిచ్చే స్కిల్డ్ వర్కర్ వీసాకు కనీస వార్షిక జీతం 38,700 పౌండ్లకు పెంచారు. చిన్న ఊరి హోటల్‌కు అంత ఇచ్చే స్తోమత ఉండదు. 2025 జూలైలో ఆ వీసాను ప్రధానంగా డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే పరిమితం చేశారు. కొత్తగా రావాలనుకునే షెఫ్‌కు ఆ దారీ మూసుకుపోయింది.