వడకని దారం

పూలకొట్టులో మాల కట్టే ఆమె పక్కన ఎప్పుడూ ఓ చెంబుడు నీళ్లుంటాయి. ఎండిన అరటి నారను సన్నగా చీల్చి, నీళ్లలో ముంచి తీసి, మల్లెల చుట్టూ తిప్పి ముడేస్తుంది. తడపకపోతే ముడి బిగిసేలోపే నార పుటుక్కుమంటుంది. పూలతో పాటు నారకూ వాసన అంటూ మనం నారను మాల దగ్గరే ఆపేశాం. ఫిలిప్పీన్స్‌వాళ్లు దాంతో ఏకంగా బట్టలే నేశారు.

వాళ్ల నార అచ్చంగా మన అరటిది కాదు, దాని దగ్గరి చుట్టం అబాకాది. చూడ్డానికి అరటిచెట్టే. పండు మాత్రం నిండా గింజలు, తినడానికి పనికిరాదు. అరటికి లాగే దీని కాండం కూడా ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న ఆకు పట్టలే. ఆ పట్టల్లో పొడవునా సాగే నార ఒక్కోసారి 3 మీటర్ల దాకా ఉంటుంది. ఉప్పునీళ్లకు అంత తేలిగ్గా కుళ్లదు కాబట్టి ఓడల మోకులకు వాడారు. మనీలా తాడు అంటే ఇదే. టీ బ్యాగుల పల్చటి కాగితంలోనూ ఇది కలుస్తుంది.

పత్తి పింజలో పోగు పొడవు మామూలుగా 2, 3 సెంటీమీటర్లే. అలాంటివి వేలకొద్దీ పోగులను మెలిపెడితే, ఒకదాన్నొకటి ఒరుసుకుని పట్టుకుంటే దారమవుతుంది. రాట్నం పనంతా ఆ మెలి తిప్పడమే. ఆకు నారకు ఆ అవసరం లేదు. పోగే బారెడు పొడవుంటే ఇక వడకడం దేనికి? ఒక పోగు చివర ఇంకో పోగు ముడేసుకుంటూ పోతే సరిపోతుంది. ఫిలిప్పీన్స్ సంప్రదాయ నేతలో పేరుమోసిన రెండు బట్టలు, పీనా, తినాలాక్, ఈ ముడి మీదే నిలబడ్డాయి.

పీనా అంటే స్పానిష్‌లో అనాస. దక్షిణ అమెరికా మొక్కను స్పెయిన్‌వాళ్లు ఫిలిప్పీన్స్‌కు తెచ్చారు. మనకు పోర్చుగీసువాళ్లు తెచ్చారు. మనం పండు తిన్నాం, వాళ్లు ఆకునూ వదల్లేదు. ఈ నేతకు పేరున్న ఊరు అక్లాన్ రాష్ట్రంలోని కలిబో. ఆకు అంచు ముళ్లు తీసేసి బల్ల మీద పరుస్తారు. పగిలిన పింగాణీ పళ్లెం ముక్కతో గీకుతారు. పచ్చటి గుజ్జు ఊడి ముతక నార బయటపడుతుంది. దాన్ని లాగేశాక మిగిలిన పొరను కొబ్బరి చిప్ప అంచుతో, ఈసారి మెల్లగా గీకితే సన్న నార వస్తుంది. ఈ పనికి కొన్న పనిముట్టంటూ ఏదీ లేదు, వంటింట్లో పారేసేవే! కడిగి ఆరబెట్టిన ఆ వెంట్రుకల్లాంటి పోగులను ఒక్కొక్కటే ముడేసి, ముడి తోకలు కత్తిరిస్తారు. ఒక చొక్కా గుడ్డలో ఇలాంటి ముళ్లు ఎన్ని ఉంటాయో తలుచుకుంటేనే వేళ్లు నొప్పి పుడతాయి.

మెలి లేని, నున్నటి పోగు కావడంతో వెలుగు దాని మీద చక్కగా మెరుస్తుంది. నూగు లేక పోగుల మధ్య సందులు తెరిచే ఉంటాయి, అందుకే బట్టలోంచి అవతల కనిపిస్తుంది. ఫిలిప్పీన్స్ మగవాళ్ల పెళ్లి చొక్కా బరోంగ్ తగలోగ్‌కు ఆ పల్చదనం ఇలా వచ్చిందే. లోపల ఆయుధం దాచకుండా స్పెయిన్ దొరలే అలాంటి బట్ట కట్టమన్నారని అక్కడ ఓ కథ చెప్పుకుంటారు. దానికి ఆధారం దొరకలేదు. నాకైతే ఉక్కబోత, అనాస ఆకు చాలు, దొర ఆజ్ఞ అక్కర్లేదనిపిస్తుంది. 1953లో రమోన్ మగ్సేసే కోటు పక్కనపెట్టి ఈ చొక్కాతోనే అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. అక్లాన్ పీనా నేతను 2023లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

తినాలాక్ తీరు వేరు. మిందనావో దీవిలో, సెబు సరస్సు చుట్టుపక్కల ఉండే త్బోలి ఆడవాళ్లు అబాకాతో నేస్తారు. పడుగు పోగులను గుత్తులుగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. పోచంపల్లిలో చిటికి కట్టడం చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. తినాలాక్‌లో ఉండేవి మూడే రంగులు: నలుపు, ఎరుపు, నార సొంత రంగు. కాగితం మీద గీసిన డిజైన్ ఉండదు. అబాకాకు అధిదేవత అయిన ఫూ దాలు కలలో చూపిస్తుందని వాళ్ల నమ్మకం. 1998లో ప్రభుత్వ గౌరవం పొందిన త్బోలి నేతగత్తె లాంగ్ దులాయ్‌కి వంద దాకా నమూనాలు నోటికి వచ్చేవి, కాదు, వేళ్లకు వచ్చేవి అనాలి. ఈ పద్ధతి అక్కడ నిన్నమొన్నటిది కాదు. బాంతోన్ దీవిలో ఓ చెక్క శవపేటికలో దొరికిన ఇలాంటి అబాకా గుడ్డ 13, 14 శతాబ్దాల నాటిది.

నేత అయ్యాక బట్టను గవ్వతో గట్టిగా రుద్దుతారు, అప్పుడు ఆ మెరుపు వస్తుంది. తినాలాక్‌ను దాటడం, దాని మీద అడుగేయడం వాళ్లలో తప్పు.

మళ్లీ చెంబు దగ్గరికొద్దాం. నార గోడల్లోకి చేరిన నీటి అణువులు గట్టిగా అతుక్కున్న పొరలను కాస్త సడలిస్తాయి, నార వంగుతుంది. గాలి ఆరిందంటే ఆ తేమ పోయి పెళుసుబారుతుంది. మాల కట్టే ఆమె నారను తడుపుకోవచ్చు. మగ్గం మీద బిగించిన వందల పోగులకు ఆ వీల్లేదు. అందుకే త్బోలి ఆడవాళ్లు తెల్లవారుజామునో, రాత్రి చల్లబడ్డాకో నేతకు కూర్చుంటారు. ఎండ నెత్తికెక్కితే పోగులు తెగుతాయని నడుముకు కట్టుకున్న మగ్గం పట్టీ విప్పి లేచి వేరే పని చూసుకుంటారు.