మొలతాడు కింది నల్లటి పక్కు

ఐదు రోజులుగా జ్వరం. తలనొప్పి, ఒళ్లునొప్పులు, కొద్దిగా దగ్గు. డెంగీ, మలేరియా పరీక్షల్లో ఏమీ తేలలేదు. ప్లేట్‌లెట్లు మాత్రం తగ్గాయి, కాలేయం అంకెలు కాస్త పెరిగాయి. మూడు రోజులుగా సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఎక్కుతున్నా వేడి దిగడం లేదు. వానలు వెనకబట్టి చలి మొదలయ్యే నెలల్లో ఇలాంటి రోగి మన ఆసుపత్రులకు కొత్త కాదు. అప్పుడు డాక్టరు మొదట చేయవలసింది ఇంకో రక్తపరీక్ష రాయడం కాదు. తెర లాగి, మంచి వెలుతురులో, రోగి ఒంటిని తల నుంచి అరికాళ్ల దాకా చూడాలి.

చంకలు, గజ్జలు, బొడ్డు, చెవుల వెనక, రొమ్ముల కింద, మగవారిలో వృషణాల తిత్తి. మొలతాడు, లంగా బొందు ఒరుసుకునే చోటు తప్పకుండా చూడాలి. ఎక్కడో ఒకచోట కందిగింజంత నల్లటి పక్కు, దాని చుట్టూ ఎర్రటి అంచు కనిపించవచ్చు. సిగరెట్టుతో చురక పెట్టినట్టుంటుంది. నొప్పి ఉండదు కనుక దాని సంగతి చాలాసార్లు రోగికే తెలియదు, అడిగితే లేదంటాడు. దగ్గర్లోనే బిళ్ల కట్టి ఉంటుంది. చెమట పట్టే మడతల్లోనైతే నల్లదనం నిలవదు, పసుపుపచ్చ అడుగున్న చిన్న పుండే మిగులుతుంది. చామనఛాయ ఒంటి మీద చూపు తప్పించుకోవడం మరీ తేలిక. ఆ పక్కు దొరికిందంటే జ్వరం పేరు దాదాపు ఖాయమైనట్టే: స్క్రబ్ టైఫస్. దొరకకపోతే మాత్రం ఆ జబ్బు లేదని కాదు, అందరిలోనూ అది ఏర్పడదు.

పేరు విని టైఫాయిడ్ అనుకునేవారు చాలామంది. రెండింటికీ చుట్టరికం లేదు. టైఫాయిడ్ కలుషితమైన తిండి, నీటి ద్వారా వస్తుంది. దీన్ని తెచ్చేది గట్ల మీద గడ్డిలో, పొదల్లో, ఎలుకలు తిరిగే చోట ఉండే మైట్ అనే అతిచిన్న పురుగు పిల్ల. తొలకరికి నేల మీద పాకే ఎర్రటి ఆరుద్ర పురుగు దానికి దూరపు బంధువే. ఆరుద్ర పురుగును పిల్లలు అరచేతిలో పెట్టుకుని మురిసిపోతారు, అది ఎవరికీ హాని చేయదు. ఈ మైట్ పిల్ల పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటే ఎక్కువ, కంటికి ఆనదు. పెద్ద మైట్లు మనిషి జోలికి రావు. ఆరుకాళ్ల పిల్లే, అదీ బతుకులో ఒక్కసారే, ఏదో ఒక జంతువును పట్టుకుంటుంది. మనిషి దొరికితే ఒంటి మీద పాకుతూ పోయి, బట్ట బిగుతుగా అడ్డుపడిన చోట ఆగి కొరుకుతుంది. డాక్టరు మొలతాడు చుట్టూ వెతకడం అందుకే. తల్లి మైట్‌లోని బాక్టీరియా గుడ్లలోకీ దిగుతుంది కాబట్టి, పుట్టే పిల్లకు జబ్బు పుట్టుకతోనే ఉంటుంది.

ఆ బాక్టీరియా పేరు ఓరియెన్షియా సుత్సుగముషి. అది రక్తనాళాల లోపలి పొరలో, కణాల లోపల దూరి పెరుగుతుంది. మామూలు బ్లడ్ కల్చర్‌లో మొలవదు. సెఫ్ట్రియాక్సోన్ వంటి మందులు బాక్టీరియా గోడను దెబ్బతీసి పనిచేస్తాయి, కణం లోపల దాక్కున్న దీని మీద వాటి పప్పులుడకవు. రక్తనాళాలు దెబ్బతింటాయి కాబట్టే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం, మూత్రపిండాలు నెమ్మదించడం, మెదడు పొరలు వాయడం, మనిషి మత్తులోకి జారడం.

పరీక్షల విషయానికి వస్తే, వీల్, ఫెలిక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1916లో కనిపెట్టిన రక్తపరీక్ష ఇప్పటికీ చాలా చోట్ల వాడుకలో ఉంది. చవక, కానీ నమ్మకం తక్కువ. ఐజీఎం ఎలీసా మెరుగు, అయితే అది యాంటీబాడీలను వెతుకుతుంది. మొదటి నాలుగైదు రోజుల్లో అవి తయారై ఉండకపోవచ్చు. ఆ దశలో నెగెటివ్ వస్తే ఊరట పడకూడదు. బాక్టీరియా జన్యుపదార్థాన్నే పట్టుకునే పీసీఆర్ పరీక్ష ఉన్నచోట పక్కు నుంచి తీసిన చిన్న ముక్క కూడా సాక్ష్యమిస్తుంది. నన్ను నిజంగా బాధపెట్టేది ఇంకొకటి: టైఫాయిడ్ కోసం ఒక్కసారి చేసిన విడాల్ అనే రక్తపరీక్ష పట్టుకుని టైఫాయిడ్ అని ముద్ర వేయడం. ఆ ముద్ర పడ్డాక మరొక జబ్బు కోసం ఎవరూ వెతకరు. అసలు జ్వరం లోపల తన పని తాను చేసుకుపోతుంది.

మందు చూస్తే ఎంత చిన్నది! డాక్సీసైక్లిన్, పెద్దలకు 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, సాధారణంగా ఏడు రోజులు. చవకైన మాత్ర. గ్లాసు నిండా నీళ్లతో మింగి, వెంటనే పడుకోకుండా ఉంటే గొంతు కింద మంట పుట్టదు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. పిల్లల పళ్లకు గార పడుతుందని డాక్సీసైక్లిన్ అంటే భయపడేవారు. కొద్ది రోజుల వాడకంతో అలా జరగదని తేలాక ఆ భయం తగ్గింది. లక్షణాలు సరిపోలితే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా మొదలుపెడతారు. చాలామందిలో 48 గంటల్లో జ్వరం దిగుతుంది, అది కూడా ఒక రకంగా రోగనిర్ధారణే. దిగకపోతే డాక్టరు మళ్లీ మొదటికి వచ్చి ఆలోచించాలి: ఎలుకల మూత్రం వల్ల సోకే లెప్టోస్పైరోసిసా, పక్కనే మరో ఇన్ఫెక్షన్ ఉందా అని.

ముదిరిన జబ్బుకు ఏ మందు మేలో చాలాకాలం స్పష్టత లేదు. మన దేశంలోనే ఏడు ఆసుపత్రుల్లో దాదాపు 800 మంది రోగులతో జరిగిన పరిశోధన 2023లో వెలువడింది. వీరంతా ఏదో ఒక అవయవం దెబ్బతిన్న దశలో చేరినవారే. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరం ద్వారా ఇచ్చినవారిలో మరణం, తగ్గని జ్వరం, మొండికేసిన సమస్యలు, వీటిలో ఏదో ఒకటి 33 శాతం మందికి ఎదురైంది. డాక్సీసైక్లిన్ ఒక్కటే ఇచ్చినవారిలో 47 శాతం, అజిత్రోమైసిన్ ఒక్కటే ఇచ్చినవారిలో 48 శాతం. తేడా ప్రధానంగా జ్వరం తగ్గడంలోనూ, సమస్యలు కుదుటపడడంలోనూ కనిపించింది. 28 రోజుల నాటికి మరణాలను మాత్రమే లెక్కపెట్టి చూసినప్పుడు, రెండు మందులు కలిపినా అవి తగ్గాయని చెప్పగలిగేంత తేడా రాలేదు.