సీతాఫలం గింజ దారి తప్పకూడదు

విశాఖపట్నం

చిరంజీవి చిట్టికీ, కథ రాసిన నీ స్నేహితులకూ ఆశీస్సులు.

మీ సాహస కథ చదివాను. తమ్ముడు సీతాఫలం గింజ మింగేయడం, ఆ గింజే ఒంట్లో యాత్రకు బయల్దేరడం బాగుంది. ఏజెన్సీ నుంచి సీతాఫలాల గంపలు దిగే ఈ రోజుల్లో అందరిళ్లలో జరిగేదే. కానీ మీ గింజ గొంతులోంచి గుండెలోకి దూకి, మెదడు చుట్టి వచ్చి, బొడ్డు వెనక ఉన్న కడుపులో పడింది. రాక్షసుల్ని ఎంతమందినైనా పెట్టుకోండి. దారి మాత్రం నిజమైనదై ఉండాలి. ఆ దారిలోనే బోలెడు ప్రమాదాలున్నాయి.

మొదటిది గొంతులో. అక్కడ ముందు గాలిగొట్టం, వెనక అన్నవాహిక. మింగేటప్పుడు ఉపజిహ్విక అనే చిన్న రేకు గాలిగొట్టం మీద మూత పడుతుంది. అద్దంలో కనిపించే కొండనాలుక అది కాదు. నాలుక మొదట్లో, ఇంకా లోపల ఉంటుంది. నవ్వుతూ, మాట్లాడుతూ మింగితే మూత సమయానికి పడదు, పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తడతారు గానీ, దారి తప్పిన మెతుకును బయటికి తోసేది ఆ దగ్గే. దగ్గనివ్వాలి. నాలుగేళ్లు నిండని పిల్లలకు గింజలు తీసిన గుజ్జే పెట్టాలని మీ కథలో అమ్మమ్మ చేత చెప్పించండి.

అన్నవాహిక పెద్దవాళ్లకు 25 సెంటీమీటర్లు ఉంటుంది. దాని గోడల కండరాలు వెనక నుంచి బిగుస్తూ ముద్దను నెడతాయి. ఇంచుమించు పది సెకన్లలో జీర్ణాశయం చేరుతుంది. అది బొడ్డు దగ్గర కాదు, ఎడమవైపు పక్కటెముకల చాటున ఉంటుంది.

ఇక్కడ మన రేవును తలుచుకోండి. ఆర్కే బీచ్‌లో నిలబడితే దూరాన లంగరేసిన ఓడలు కనిపిస్తాయి కదా! పిలుపు వచ్చేదాకా అవి అక్కడే ఆగాలి. జీర్ణాశయం ఆ లంగరు చోటు. మామూలు భోజనం రెండు నుంచి నాలుగు గంటలు అక్కడ ఆగుతుంది. ఆమ్లంలో నాని, చిలికి, పిండిలా అయ్యాక కొంచెం కొంచెంగా కాలవలోకి వదులుతారు. నూనె సరుకు ఎక్కువసేపు ఆగుతుంది. సాయంత్రం బీచ్‌లో బజ్జీలు తిన్న పిల్లలు రాత్రి అన్నం వద్దనేది అందుకే. గింజ మెదగదు కనుక చివరిదాకా ఆగి, కడుపు ఖాళీ అయ్యాక వచ్చే పెద్ద అలతో బయటపడుతుంది.

1822లో అమెరికాలోని మాకినాక్ దీవిలో ఒక యువకుడికి తుపాకీ గుండు తగిలి, మానినా కడుపుకు రంధ్రం మిగిలిపోయింది. బోమాంట్ అనే డాక్టరు పట్టుదారానికి ఆహారం ముక్కలు కట్టి ఆ రంధ్రంలోంచి దించి, తీసి చూసి, 1833లో పుస్తకం అచ్చువేశాడు. ఇంతకు మించిన సాహస కథ ఎక్కడ దొరుకుతుంది!

సరే, ఓడ రేవులోకి వచ్చింది. చిన్నపేగే బెర్తు, అంటే సరుకు దింపే చోటు. దాని పొడవు 6 మీటర్లు. కాలేయం నుంచి పైత్యరసం, క్లోమం నుంచి దాని రసం వచ్చి సరుకు విప్పుతాయి. గోడల నిండా మిల్లీమీటరైనా లేని చూషకాలనే వేళ్లలాంటి మొనలు ఉంటాయి, సరుకు మోసే కళాసీలు అవే. చక్కెరలు, మాంసకృత్తుల ముక్కలు రక్తం రైలెక్కి కాలేయం యార్డులో తనిఖీకి వెళ్తాయి. కొవ్వు మాత్రం శోషరస నాళాల దారిన పోతుంది. ఓడలో ఏం తెస్తే అదే దిగుతుంది. 100 గ్రాముల చోళ్లలో, అంటే రాగుల్లో, కాల్షియం 300 మిల్లీగ్రాముల పైమాటే. తెల్లబియ్యంలో అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. పొద్దున్నే చోడి అంబలి, వారంలో ఒకటి రెండుసార్లు ముళ్లతో సహా నమిలే నెత్తళ్లు, రోజూ ఏదో ఒక ఆకుకూర మీ కథానాయకుడికి తినిపించండి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది.

అయితే రేవులో సరుకు దింపాక ఓడ మిగులుతుంది, మన పేగులో ఓడే కరిగిపోతుంది. మిగిలేది పీచు, నీళ్లు, అరగని గింజ. మీటరున్నర పెద్దపేగు ఆ నీళ్లు పీల్చుకుంటుంది. పీచు, మంచినీళ్లు తక్కువైతే అక్కడే గట్టిపడి మలబద్ధకం.

గింజ మొలవదు. మొలకకు గాలి, రోజుల తరబడి సమయం కావాలి. గట్టి పెంకుతో అది అలాగే బయటికి వచ్చేస్తుంది. కానీ నమలకూడదు, దంచకూడదు. గింజ లోపలి పప్పులో విషం ఉంది. పేలకని ఆ పొడి తలకు రాస్తే కంట్లో పడి కళ్లు దెబ్బతింటాయి.

ఎంతసేపటికి వస్తుందో పుస్తకంలో వెతకొద్దు. ఆదివారం మధ్యాహ్నం మొక్కజొన్న పొత్తు తిని, గంట రాసి పెట్టుకోండి. తర్వాత పొద్దున్నే దొడ్డికి వెళ్లినప్పుడల్లా చూడండి. పసుప్పచ్చని తొక్కలు మొదట కనిపించిన గంట నలుగురూ రాసి పంపండి. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య, ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. ఆ అంకెలు వచ్చాకే కథ చివరి అధ్యాయం రాద్దాం.

మీ తాతయ్య