ప్లగ్గు ఉంటే సరిపోతుందా? హైబ్రిడ్ కార్ల వివాదం వెనుక ఉన్న లెక్క

యూరోప్‌లో 2035 తర్వాత కొత్త పెట్రోలు, డీజిల్ కార్లు అమ్మకూడదన్న నిబంధనను సడలించాలని యూరోపియన్ కమిషన్ 2025 డిసెంబరు 16న ప్రతిపాదించింది. దాంతో పాత వివాదం మళ్లీ రాజుకుంది. 2023లో చేసిన చట్టం ప్రకారం కొత్త కార్ల పొగగొట్టాల నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడు 2021తో పోలిస్తే 2035కల్లా నూటికి నూరు శాతం తగ్గిపోవాలి. ఇప్పుడు 90 శాతం తగ్గితే చాలని, మిగతా పది శాతానికి తక్కువ కర్బనంతో తయారైన ఉక్కునో, ప్రత్యామ్నాయ ఇంధనాలనో చూపించి సరిపెట్టుకోవచ్చని కమిషన్ అంటోంది. యూరోపియన్ పార్లమెంటు, సభ్యదేశాలు ఒప్పుకుంటేనే ఇది చట్టమవుతుంది. ఒప్పుకుంటే ఆ పది శాతం సందులోంచి ముందుగా లోపలికి వచ్చేవి రెండు రకాల కార్లు. ఒకటి ప్లగ్-ఇన్ హైబ్రిడ్, రెండోది రేంజ్ ఎక్స్‌టెండర్ ఉన్న కారు.

విద్యుత్ కార్లు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఉండేవన్న కథ అందరికీ తెలిసిందే. దాన్ని మళ్లీ చెప్పను. ఈ మూడు రకాల మధ్య తేడా మాత్రం ఒకసారి చెప్పుకోవాలి, ఎందుకంటే తగాదా అంతా అక్కడే ఉంది. పూర్తి విద్యుత్ కారులో బ్యాటరీ, మోటారు తప్ప మరో ఆధారం లేదు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో ఇంజనుకూ చక్రాలకూ నేరుగా లంకె ఉంటుంది, మోటారు దానికి తోడు. బ్యాటరీ చిన్నది, సాధారణంగా 10 నుంచి 20 కిలోవాట్-అవర్లు. రేంజ్ ఎక్స్‌టెండర్ కారులో చక్రాలను తిప్పే పని మోటారుదే. ఇంజను జనరేటర్‌ను తిప్పి కరెంటు పుట్టిస్తుంది, అంతకుమించి దానికి పని లేదు. బ్యాటరీ దానికంటే పెద్దది, తరచుగా 30 నుంచి 50 కిలోవాట్-అవర్ల దాకా ఉంటుంది.

రెండిట్లోనూ ప్లగ్గు ఉంది, పెట్రోలు ట్యాంకూ ఉంది. రోజూ రాత్రి ప్లగ్గు పెట్టే మనిషి చేతిలో అది విద్యుత్ కారు. ఎప్పుడూ పెట్టని మనిషి చేతిలో అదనపు బరువు మోస్తూ తిరిగే పెట్రోలు కారు. కారు ఒకటే, మనిషిని బట్టి కాలుష్యం మారుతుంది. మరి అమ్మేముందు దాని కాలుష్యం ఇంత అని ముద్ర ఎలా వేయాలి? పదిహేనేళ్లుగా తెగని ప్రశ్న ఇదే. దీనికి యూరోప్ మొదట ఇచ్చిన జవాబులోనే ఈనాటి గొడవంతా ఇమిడి ఉందని నా అభిప్రాయం.

ఆ జవాబు ఒక అంకె: 25 కిలోమీటర్లు.

పాత యూరోపియన్ పరీక్షా పద్ధతిలో ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ను రెండుసార్లు నడిపేవారు, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఖాళీ అయ్యాక మరోసారి. ఆ రెండు ఫలితాలనూ కలపడానికి ఒక సూత్రం పెట్టుకున్నారు. బ్యాటరీ ఖాళీ అయ్యాక డ్రైవరు 25 కిలోమీటర్లు మాత్రమే పెట్రోలు మీద నడిపి, వెంటనే మళ్లీ ఛార్జింగ్ పెడతాడని ఆ సూత్రం ఊహ. కరెంటు మీద 52 కిలోమీటర్లు వెళ్లే కారును తీసుకుందాం. 52కు 25 కలిపితే 77. అందులో పెట్రోలు వాటా 25, అంటే మూడో వంతు కంటే కాస్త తక్కువ. బ్యాటరీ ఖాళీ అయ్యాక కిలోమీటరుకు 135 గ్రాములు వదిలే బరువైన కారైనా ఈ సూత్రంలో పడి బయటికి వచ్చేసరికి 44 గ్రాముల కారవుతుంది. 2013లో వచ్చిన మిత్సుబిషి అవుట్‌లాండర్ ప్లగ్-ఇన్ హైబ్రిడ్ విద్యుత్ పరిధి 52 కిలోమీటర్లు, అధికారిక కాలుష్యం 44 గ్రాములు.

44 అన్న అంకెకు అంత విలువ ఎందుకంటే ప్రభుత్వాలు 50 దగ్గర గీత గీశాయి. కిలోమీటరుకు 50 గ్రాముల లోపు ఉంటే రాయితీ. నెదర్లాండ్స్‌లో కంపెనీ ఇచ్చిన కారును సొంతానికి వాడుకుంటే దాని ధరలో కొంత శాతం ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేస్తారు. 2013 చివరి వరకు నమోదైన 50 గ్రాముల లోపు కార్లకు ఆ శాతం సున్నా. గడువు ముగిసే ముందు చివరి నెలల్లో అక్కడ ప్లగ్-ఇన్ హైబ్రిడ్ల అమ్మకాలు ఉప్పెనలా వచ్చిపడ్డాయి. కొన్నవారిని తప్పుపట్టలేం. పన్ను తగ్గుతుందంటే ఎవరైనా కొంటారు. కానీ ఆ పన్ను రాయితీ కారు కొన్నందుకు వచ్చింది, ఛార్జింగ్ పెట్టినందుకు కాదు. పైగా పెట్రోలు ఖర్చు కంపెనీ కార్డు మీద పోతుంది, ఇంట్లో ప్లగ్గు పెడితే కరెంటు బిల్లు సొంత జేబులోంచి పోతుంది. ఈ ఏర్పాటులో ప్లగ్గు పెట్టాలన్న బుద్ధి ఎవరికి పుడుతుంది?

2018లో బ్రిటన్‌లో కంపెనీ కార్ల ఇంధన లెక్కలు బయటపడ్డాయి. సగటున లీటరుకు 46 కిలోమీటర్లు ఇస్తాయని ప్రకటించిన ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు రోడ్డు మీద 14 కిలోమీటర్లే ఇచ్చాయి. అన్నిటికంటే నన్ను ఆపేసిన వివరం ఇది: లీజు ముగిసి తిరిగి వచ్చిన కొన్ని కార్ల డిక్కీలో ఛార్జింగ్ కేబుల్ ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా అలాగే ఉంది. ఏళ్ల తరబడి తిరిగిన కారు, ఒక్కసారి కూడా ప్లగ్గు ముఖం చూడలేదు. కాగితాల మీద మాత్రం అది పన్ను రాయితీకి అర్హమైన శుభ్రమైన కారు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ల మీద ఇచ్చే కొనుగోలు సబ్సిడీని బ్రిటన్ ప్రభుత్వం అదే ఏడాది నవంబరులో ఆపేసింది.

ఇదే సమస్యను అమెరికాలోని కాలిఫోర్నియా అప్పటికే మరో వైపు నుంచి చూసింది. అక్కడి అధికారులకు జనరల్ మోటార్స్ వారి షెవ్రోలే వోల్ట్ అనుభవం ఉంది. 2010 డిసెంబరులో అమ్మకానికి వచ్చిన వోల్ట్‌ను కంపెనీ ‘పరిధి పెంచిన విద్యుత్ కారు’గా ప్రచారం చేసుకుంది. దానికి రెండు నెలల ముందే ఒక సంగతి బయటపడింది. బ్యాటరీ అయిపోయి కారు వేగంగా వెళుతున్నప్పుడు ఇంజను శక్తి గేర్ల ద్వారా చక్రాలకూ అందుతుంది. అయితే ఇది హైబ్రిడ్డే కదా అని పెద్ద రగడ జరిగింది. పేరు మీద ఎంత గొడవ పడినా వోల్ట్ యజమానులు మాత్రం ప్లగ్గు మానలేదు. అమెరికా ప్రభుత్వ ఇడాహో జాతీయ ప్రయోగశాల వేల కార్ల ప్రయాణాలు గమనించి తేల్చిందేమిటంటే, పూర్తి విద్యుత్ కారైన నిస్సాన్ లీఫ్‌తో పోలిస్తే వోల్ట్ ఏడాదికి కరెంటు మీద నడిచిన దూరం సుమారు 6 శాతం మాత్రమే తక్కువ. వాళ్లు ఇంటి దగ్గర ఛార్జర్ పెట్టించుకుని, సొంత డబ్బుతో పెట్రోలు కొనుక్కునే జనం. డిక్కీలో విప్పని కేబుల్‌కూ వీళ్లకూ తేడా యంత్రంలో ఉందా, బిల్లు ఎవరు కడతారన్నదానిలో ఉందా అన్నది ఆలోచించాల్సిన విషయం.

కాలిఫోర్నియా 2012లో రేంజ్ ఎక్స్‌టెండర్ కార్ల కోసం ఒక ప్రత్యేక తరగతి పెట్టింది. డ్రైవరు ఏం చేస్తాడో ఊహించే పని పెట్టుకోలేదు. బ్యాటరీ దాదాపు ఖాళీ అయ్యేదాకా ఇంజను మొదలవకూడదు, పెట్రోలు మీద వెళ్లే దూరం కరెంటు మీద వెళ్లే దూరాన్ని మించకూడదు అని కట్టడి చేసింది. బీఎండబ్ల్యూ ఐ3 కారును చూస్తే ఆ నిబంధన ఎంత గట్టిదో తెలుస్తుంది. స్కూటర్ నుంచి తీసుకున్న 647 సీసీ రెండు సిలిండర్ల ఇంజను, తొమ్మిది లీటర్ల ట్యాంకు. అమెరికాలో అమ్మిన కార్లలో అంత చిన్న ట్యాంకును కూడా పూర్తిగా వాడనీయకుండా సాఫ్ట్‌వేర్‌తో సుమారు ఏడు లీటర్లకు కుదించారు. యూరోప్‌లో డ్రైవరు కావాలనుకుంటే బ్యాటరీ ఇంకా చాలా మిగిలి ఉండగానే ఇంజను వేసుకోవచ్చు, అమెరికాలో ఆ మీట లేదు. ఫలితంగా కొండ దారుల్లో బ్యాటరీ అడుగంటాక ఆ చిన్న జనరేటర్ చాలక కారు వేగం పడిపోతోందని అక్కడి యజమానులు ఫిర్యాదు చేశారు. నిజమే, అసౌకర్యమే. కానీ ఆ కారు కాలుష్యం మీద ఎవరూ ఎవరినీ నమ్మాల్సిన పని లేకపోయింది. ప్లగ్గు పెట్టకుండా దాంతో కాలం గడపడం కష్టం. ఆ క్రమశిక్షణ కారులోనే ఉంది.

యూరోప్ ఆ దారి పట్టలేదు. 2017లో కొత్త పరీక్షా పద్ధతి తెచ్చింది, 25 కిలోమీటర్ల సూత్రాన్ని పక్కన పెట్టింది, కానీ ఊహను వదల్లేదు. దాని స్థానంలో ‘వినియోగ గుణకం’ వచ్చింది. కారు విద్యుత్ పరిధి ఇంత ఉంటే మొత్తం ప్రయాణంలో కరెంటు వాటా ఇంత అని చెప్పే వక్రరేఖ అది. ఆ రేఖ ఎంత ఉదారంగా ఉండాలో 800 కిలోమీటర్లన్న ఒక స్థిరాంకం తేలుస్తుంది. 60 కిలోమీటర్ల పరిధి ఉన్న కారుకు ఆ లెక్కన దక్కేది సుమారు 80 శాతం. అంటే నూరు కిలోమీటర్లలో 80 కరెంటు మీదే తిరుగుతుందని ప్రభుత్వం ముందే ఒప్పేసుకున్నట్టు. పైగా 2020 నుంచి 2022 వరకు 50 గ్రాముల లోపు కారు ఒక్కటి అమ్మితే, తయారీ కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు కాలుష్యం లెక్కలో దాన్ని ఒకటి కంటే ఎక్కువగా పరిగణించారు. తొలి ఏడాది అది రెండు కార్లతో సమానం.

అదే కాలంలో యూరోపియన్ యూనియన్ చేసిన ఒక పనిని మాత్రం మెచ్చుకోవాలి. 2021 నుంచి నమోదయ్యే ప్రతి కొత్త కారులోనూ నిజంగా ఎంత ఇంధనం కాలిందో కొలిచే మీటరు ఉండాలని నిబంధన పెట్టింది. ఆ మీటర్ల సమాచారంతో 2024 మార్చిలో కమిషన్ నివేదిక ఇచ్చింది. సుమారు ఆరు లక్షల వాహనాల లెక్క అది. పెట్రోలు, డీజిల్ కార్లు ప్రయోగశాల అంకె కంటే రోడ్డు మీద 20 శాతం అటూఇటూగా ఎక్కువ కాలుస్తున్నాయి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు వదులుతున్నది మూడున్నర రెట్లు. అంతకు రెండేళ్ల ముందు జర్మనీ పరిశోధన సంస్థ ఫ్రాన్‌హోఫర్, రవాణా కాలుష్యాన్ని అధ్యయనం చేసే ఐసీసీటీ సంస్థ కలిసి చేసిన అధ్యయనమూ ఇదే చెప్పింది. సొంత కార్లలో కరెంటు మీద సాగిన దూరం 45 నుంచి 49 శాతం, కంపెనీ కార్లలో 11 నుంచి 15 శాతం. చట్టం ఊహించిన 80 ఎక్కడ, ఈ 11 ఎక్కడ?

తప్పంతా డ్రైవర్లదేనా అంటే కాదు. పర్యావరణ సంస్థ ట్రాన్స్‌పోర్ట్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2025 అక్టోబరులో ఇవే మీటర్ల సమాచారాన్ని విడదీసి చూపించింది. బ్యాటరీలో ఛార్జి ఉండి ‘విద్యుత్ మోడ్’లో నడుస్తున్నప్పుడు కూడా ఈ కార్లు సగటున కిలోమీటరుకు 68 గ్రాములు వదులుతున్నాయి. చాలా మోడళ్లలో మోటారు బలం చాలదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినా, ఎత్తు ఎక్కినా, చలికాలంలో లోపల వెచ్చదనం కావాలన్నా ఇంజను లేస్తుంది. పొద్దున ప్లగ్గు తీసి బయల్దేరిన నిజాయితీపరుడికి కూడా పొగ తప్పడం లేదు.

ఈ సమాచారం చేతికొచ్చాక స్థిరాంకాన్ని మార్చక తప్పలేదు. 2025 నుంచి కొత్త మోడళ్లకు 800 స్థానంలో 2,200 వచ్చింది, 2027లో 4,260 రావాలి. అప్పుడు అదే 60 కిలోమీటర్ల కారుకు దక్కే కరెంటు వాటా 80 నుంచి సుమారు 50కి, తర్వాత 30కి పడిపోతుంది. కారులో ఒక్క మర కూడా మారదు, కాగితం మీది అంకె మాత్రం నిజానికి దగ్గరవుతుంది. జర్మనీ కార్ల పరిశ్రమ సంఘం ఈ మార్పునే ఆపాలంటోంది. వారి వాదనలోనూ కొంత పస ఉంది. కొలిచినవి చాలావరకు పాత కార్లు, కొత్తవాటిలో పరిధి 100 కిలోమీటర్లు దాటుతోంది, కొన్నింటికి వేగంగా ఛార్జయ్యే సౌకర్యమూ వచ్చింది, ఛార్జింగ్ కేంద్రాలు అంతటా లేనప్పుడు కొనేవారికి మధ్యేమార్గం కావాలి అంటారు. అలాగైతే ఆ మెరుగుదల మీటర్లలో కనిపిస్తుంది కదా. కనిపించిననాడు స్థిరాంకాన్ని సవరించమని అడగడం న్యాయం, కనిపించకముందే అడగడం కాదు.

ఇక రేంజ్ ఎక్స్‌టెండర్ సంగతి. దానికి ప్రాణం పోసింది చైనా. 2019 చివర లీ ఆటో కంపెనీ 40.5 కిలోవాట్-అవర్ల బ్యాటరీతో లీ వన్ తెచ్చింది. మరుసటి ఏడాది ఫోక్స్‌వాగన్ చైనా విభాగం అధిపతి స్టెఫాన్ వోలెన్‌స్టైన్ ఈ పద్ధతినే అర్థం లేనిదని కొట్టిపారేశారు. అదే ఫోక్స్‌వాగన్ గ్రూపు 2024లో అమెరికా మార్కెట్ కోసం చూపించిన స్కౌట్ వాహనాల్లో రేంజ్ ఎక్స్‌టెండర్ ఉంది. తన విద్యుత్ పికప్ ట్రక్కు ఎఫ్-150 లైట్నింగ్ తర్వాతి తరాన్ని పూర్తి విద్యుత్ బండిగా కాక ఇదే పద్ధతిలో తెస్తామని ఫోర్డ్ 2025 డిసెంబరులో ప్రకటించింది. మోటారు బలంగా ఉంటుంది కాబట్టి యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజను లేచే జబ్బు దీనికి లేదు. కరెంటు మీద దూరం కూడా ఎక్కువ. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కంటే ఇది మెరుగన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ పెద్ద ట్యాంకు పెడితే ప్లగ్గు పెట్టకుండా వందల కిలోమీటర్లు తిరగవచ్చు. అలా తిరిగితే జనరేటర్‌లోనూ మోటారులోనూ రెండుసార్లు శక్తి వృథా అవుతుంది, హైవే మీద నేరుగా చక్రాలు తిప్పే ఇంజను కంటే ఎక్కువ పెట్రోలు తాగవచ్చు. చైనా అధికారులు ఆ సంగతి గమనించారు. షాంఘై 2023 జనవరి నుంచి ఈ రెండు రకాలకూ ఉచిత ఆకుపచ్చ నంబరు ప్లేట్లు ఇవ్వడం మానేసింది. 2026 నుంచి కొనుగోలు పన్ను రాయితీ కావాలంటే కరెంటు మీద కనీసం 100 కిలోమీటర్లు వెళ్లాలని చైనా ప్రభుత్వం నిబంధన పెట్టింది. అంతకుముందు ఆ పరిమితి 43.

పూర్తి విద్యుత్ కారుకు ఈ కథలో చోటు తక్కువగా ఉండటానికి కారణం ఉంది. దాని పొగగొట్టం లెక్కలో ఊహించాల్సినది లేదు. కొన్నవారు శ్రద్ధ గలవారైనా, బద్ధకస్తులైనా, బిల్లు కంపెనీ కట్టినా, సొంతంగా కట్టుకున్నా అంకె సున్నాయే. కరెంటు ఎలా పుట్టింది, బ్యాటరీ తయారీకి ఎంత ఖర్చయింది అన్నవి నిజమైన ప్రశ్నలే, కానీ అవి ప్లగ్గున్న ప్రతి కారుకూ వర్తిస్తాయి.

కమిషన్ ప్రతిపాదనలోని పది శాతం ఎంత పెద్దదో ఆ స్థిరాంకమే నిర్ణయిస్తుంది. 800 లెక్కన అయితే కిలోమీటరుకు 150 గ్రాములు వదిలే ఇంజనున్న 60 కిలోమీటర్ల హైబ్రిడ్ కాగితం మీద సుమారు 30 గ్రాములు. 4,260 లెక్కన అదే కారు నూరు దాటుతుంది. మొదటి లెక్కన ఆ పది శాతంలో ఇలాంటి కార్లు రెండోదానికి మూడు రెట్లకు పైగా పడతాయి. అందుకే 2035 గురించి పైకి జరుగుతున్న చర్చ కంటే, 2027లో రావాల్సిన ఆ అంకె అసలు వస్తుందా, వాయిదా పడుతుందా అన్నదాని మీదే రెండు పక్షాలూ ఎక్కువగా పట్టుబడుతున్నాయి.