"సిల్లీ మిస్టేక్" అనే మాట మానేయండి: జీఆర్‌ఈ క్వాంట్ అపోహలు - వాస్తవాలు

విదేశాల్లో పీజీ చదువుల కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షలో క్వాంట్, అంటే లెక్కల భాగం, చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి నేను ఎక్కువసార్లు విన్న మాట ఒకటే. "మేడమ్, కాన్సెప్టులన్నీ వచ్చు. పోయినవన్నీ సిల్లీ మిస్టేక్సే." మొన్న ఒకబ్బాయి పరీక్ష రాసి బయటికి రాగానే ఫోన్ చేసి ఇదే అన్నాడు. తెరమీద కనిపించిన స్కోరు అనుకున్నదానికన్నా ఎనిమిది పాయింట్లు తక్కువ. గొంతు వణుకుతోంది. ఆ సమయంలో పాఠం చెప్పడం భావ్యం కాదని "ముందు ఇంటికెళ్లి కాస్త అన్నం తిని పడుకో నాన్నా" అని పెట్టేశాను. అతనికి అప్పుడు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: లెక్క వచ్చు, చిన్న పొరపాటుతో పోయింది, కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: ఈ పరీక్ష పట్టుకునేది సరిగ్గా ఆ చిన్న పొరపాటునే.

సిలబస్ ఒకసారి చూడండి. అంకగణితం, బీజగణితం, జ్యామితి, డేటా ఎనాలిసిస్. ట్రిగనామెట్రీ లేదు, కాలిక్యులస్ లేదు. దాదాపు అంతా హైస్కూలు గణితమే. ఇంజినీరింగ్ చదివినవాళ్లూ, లెక్కలు వదిలేసి పదేళ్లయినవాళ్లూ ఇదే పరీక్ష రాస్తారు. ఇంత మామూలు గణితంతో మనుషుల్ని 130 నుంచి 170 స్కోరు దాకా వరుసలో నిలబెట్టాలంటే ప్రశ్న రాసేవాళ్లకు ఉన్న దారి ఏమిటి? మనం ఆలోచించకుండా అనేసుకునేది ఏదో కనిపెట్టి, దాని చుట్టూ ప్రశ్న అల్లడం. తొందరలో వచ్చే తప్పు జవాబు చాలాసార్లు ఆప్షన్లలోనే ఉంటుంది. జవాబు దొరికిందన్న తృప్తితో నొక్కేసి ముందుకు వెళ్లిపోతాం.

కొన్నాళ్ల కిందట ఒకమ్మాయి రెండోసారి రాయబోతూ నా దగ్గరికి వచ్చింది. చేతిలో లావుపాటి నోట్‌బుక్, నిండా లెక్కలు. తప్పయిన ప్రతి లెక్క పక్కనా ఎర్ర పెన్నుతో "సిల్లీ" అని రాసుకుంది. ఒక పేజీ తీసి, "ఈ లెక్క పైకి చదువమ్మా" అన్నాను. చదివింది: "ఒక వస్తువు ధర 20 శాతం పెరిగింది, ఆ తర్వాత 25 శాతం తగ్గింది. మొదటి ధర చివరి ధర కంటే ఎంత శాతం ఎక్కువ?" మళ్లీ చేయమన్నాను. "తగ్గింది" అన్న మాట దగ్గరికి వచ్చేసరికే చేయి కదిలింది. 100, 120, 90 అని చకచకా రాసి, 10 శాతం అంది. నోట్‌బుక్‌లో ఉన్న తప్పు జవాబూ అదే. చివరి వాక్యం మాత్రం నెమ్మదిగా మళ్లీ చదవమన్నాను. "చివరి ధర కంటే..." అని ఆగిపోయింది. పోల్చాల్సింది 90తో. 90 మీద 10 అంటే 11 శాతం పైచిలుకు. శాతాలు రాక పోయిన లెక్క కాదది. 120లో నాలుగో వంతు తీసేస్తే 90 అని ఒక్క క్షణంలో చెప్పిన పిల్లకి శాతాలు రావని ఎవరంటారు? ప్రశ్న పూర్తికాకముందే లెక్క మొదలుపెట్టడం ఆమె అలవాటు. ఆ నోట్‌బుక్‌లో పేజీ తర్వాత పేజీలో అదే కనిపించింది. "సిల్లీ" అని రాసుకున్న ప్రతిసారీ ఆ అలవాటు మీద తనే ఒక మూత పెట్టేసింది.

ఇది ఒక రకం. ఇంకో రకం క్వాంటిటేటివ్ కంపారిజన్‌లో, అంటే రెండు విలువలిచ్చి ఏది పెద్దదో తేల్చమనే ప్రశ్నల్లో, కనిపిస్తుంది. ఎక్స్ వై కంటే పెద్దది, రెండూ సున్నా కావు. క్వాంటిటీ ఏ: 1/ఎక్స్. క్వాంటిటీ బీ: 1/వై. ఏది పెద్దది? లెక్కల్లో మంచి పట్టున్నవాళ్లే ఇక్కడ ఎక్కువ తొందరపడతారు. 3, 2 వేస్తారు. మూడో వంతు, అర. కాబట్టి బీ పెద్దదని నొక్కేస్తారు. ఎక్స్‌కి 2, వైకి మైనస్ 3 వేసి చూడండి. ఏ అర అవుతుంది, బీ మైనస్ మూడో వంతు. ఇప్పుడు ఏ పెద్దది. అంటే జవాబు డీ, ఇచ్చిన సమాచారంతో తేల్చలేం. రెండు అంకెలూ పాజిటివ్ అని ప్రశ్నలో ఎక్కడా లేదు. ఆ మాట మనమే చేర్చుకున్నాం. అక్షరం కనబడితే పాజిటివ్ పూర్ణాంకమే గుర్తుకు రావడం చిన్నప్పటి నుంచి చేసిన లెక్కల వల్ల పడిన ముద్ర. నా విద్యార్థులకు ఒక వరుస కంఠతా పట్టిస్తాను: సున్నా, ఒకటి, మైనస్ ఒకటి, అర, మైనస్ అర, పెద్ద సంఖ్య ఒకటి. అక్షరాలున్న ప్రతి కంపారిజన్‌లోనూ ఇందులో ప్రశ్న ఒప్పుకునేవన్నీ వేసి చూడాల్సిందే. మొదట్లో విసుగ్గానే ఉంటుంది.

ఈ పొరపాట్లకు "సిల్లీ" అన్న పేరు ఎందుకు అంటుకుందో నాకొక అనుమానం ఉంది. మా లెక్కల మాస్టారు చివరి జవాబు తప్పయినా పద్ధతి సరిగ్గా ఉంటే మార్కులు వేసేవారు. అయిదు మార్కుల లెక్కకి నాలుగు వచ్చేవి. పద్ధతి వస్తే లెక్క వచ్చినట్టేనని మనసులో నాటుకుపోయింది. నేను మొదటిసారి ఈ తరహా పరీక్షకు చదివినప్పుడు ఆ నమ్మకంతోనే వారాల తరబడి తప్పుల్ని దాటేసుకుంటూ పోయాను. ఇక్కడ స్టెప్ మార్కులు లేవు. ఒకటి కంటే ఎక్కువ జవాబులు ఎంచుకోవాల్సిన ప్రశ్నలో మూడింటికి రెండు సరిగ్గా పెట్టినా ఏమీ రాదు.

పైగా ఈ నష్టం ఒక్క ప్రశ్నతో పోదు. క్వాంట్‌లో రెండు సెక్షన్లు: మొదటిది 12 ప్రశ్నలు, 21 నిమిషాలు, రెండోది 15 ప్రశ్నలు, 26 నిమిషాలు. మొదటి సెక్షన్లో ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండో సెక్షన్ ఎంత కష్టంగా ఉండాలో నిర్ణయమవుతుంది. మొదటి 12లో చేతనైనవే మూడు నాలుగు జారవిడిచారనుకోండి, రెండో సెక్షన్ తేలికది రావచ్చు. అప్పుడు అందులో ఎంత బాగా చేసినా పై స్కోర్లు అందవు. ఒక సెక్షన్ లోపల అన్ని ప్రశ్నలకూ సమానమైన విలువే. అయిదు నిమిషాలు కుస్తీపట్టి సాధించిన ప్రాబబిలిటీ లెక్కకు వచ్చేదీ, ఆ తొందరలో పారేసుకున్న శాతాల లెక్కకు పోయేదీ ఒకటే.

మరి ఏం చేయాలి? రెండే పనులు. మొదటిది, లెక్క మొదలుపెట్టకముందు రఫ్ పేపర్ మూల "ఏం అడిగారు" అన్నది రాయండి. పై లెక్కకైతే "తేడా / చివరి ధర" అని. జవాబు నొక్కేముందు కన్ను ఆ మూలకి వెళ్లాలి. దీనికి పట్టేది కొన్ని సెకన్లు. సగటున ప్రశ్నకి ఒకటీముప్పావు నిమిషం ఉంది, చాలు. రెండోది, తప్పుల నోట్‌బుక్‌లో "సిల్లీ", "కేర్‌లెస్" అన్న మాటలు నిషేధం. ఏం చేశారో క్రియతో ముగిసే వాక్యంగా రాయాలి. "పాజిటివ్ అని చెప్పకపోయినా అనుకున్నాను." "వ్యాసార్థం అడిగితే వ్యాసం పెట్టాను." "1ని ప్రధాన సంఖ్యగా లెక్కేశాను." ఇరవై ముప్పై వాక్యాలు చేరేసరికి రెండు మూడే మళ్లీ మళ్లీ వస్తున్నాయని మీకే కనిపిస్తుంది. కొత్త లెక్కల పుస్తకం కొనకండి, ముందు ఆ రెండు మూడింటి మీద పనిచేయండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

కాలిక్యులేటర్ ఇస్తారు కాబట్టి లెక్కింపుతో ఇబ్బంది లేదంటారు. తెరమీద ఇచ్చేది కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు, వర్గమూలం వరకే, అదీ ఎనిమిది అంకెల దాకా. 10001 × 9999 పెద్దదా, 10000 వర్గం పెద్దదా? మొదటిది కాలిక్యులేటర్ చూపిస్తుంది: 99,999,999. రెండోది కొడితే ఎర్రర్ వస్తుంది, తొమ్మిది అంకెలు మరి. (10000 + 1)(10000 − 1) అని చూసినవాళ్లు కాలిక్యులేటర్ ముట్టుకోకుండానే రెండోదే ఒకటి ఎక్కువని చెప్పేస్తారు.

రెండో సెక్షన్ కష్టంగా అనిపిస్తే పరీక్ష పోయినట్టే అనుకుని చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు. ఇది విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. కష్టమైన సెక్షన్ వచ్చిందంటే మొదటిది బాగా చేశారనే కదా అర్థం! టెన్షన్ పడాల్సిన చోటు కాదది. రానివి గుర్తుపెట్టుకుని వదిలేయండి, వచ్చినవి చేయండి, చివర్లో మిగిలినవాటికి ఏదో ఒకటి పెట్టండి. నెగెటివ్ మార్కులు లేవు. అదే సెక్షన్లో వెనక్కి వెళ్లి జవాబు మార్చుకోవచ్చు కూడా. వెనక్కి వెళ్లలేమని, ప్రతి జవాబుకీ తర్వాతి ప్రశ్న మారుతుందని ఎవరో పుట్టించిన మాట ఇంకా తిరుగుతూనే ఉంది. జీఆర్‌ఈలో మారేది సెక్షన్‌కి, ప్రశ్నకి కాదు.

బొమ్మలో లంబకోణంలా కనిపిస్తే లంబకోణమే అనుకోకండి. జ్యామితి బొమ్మలు కొలత ప్రకారం గీసినవి కానక్కర్లేదు. గ్రాఫులు, నంబర్ లైన్లు, కోఆర్డినేట్ బొమ్మలు మాత్రం కొలత ప్రకారమే ఉంటాయి.

"ఈ నెల పేపర్ టఫ్‌గా వస్తోంది, వచ్చే నెలకి మార్చుకో" అనే సలహాలకు దయచేసి చెవి ఇవ్వకండి. పేపర్ల మధ్య కష్టంలో తేడాలుంటే స్కోరు లెక్కించేటప్పుడే సర్దుతారు. పాత వీడియోలతో కూడా జాగ్రత్త. 2023 సెప్టెంబరు 22 నుంచి పరీక్ష కుదించారు, లెక్కలోకి రాని అదనపు సెక్షన్ తీసేశారు. క్వాంట్‌కి 35 నిమిషాల సెక్షన్లని ఎవరైనా చెబుతుంటే అది అంతకుముందుది.

స్కోరు తక్కువొస్తే 21 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు, ఏ 12 నెలల్లోనైనా అయిదుసార్ల వరకు. ఫోన్ చేసిన ఆ అబ్బాయి మర్నాడే స్లాట్ చూసుకుంటానన్నాడు. వద్దని చెప్పలేదు. మాక్ టెస్టుల్లో తప్పయినవన్నీ తీసుకుని ఆదివారం రమ్మన్నాను. ఒక్కొక్కటీ పైకి చదివిస్తాను.