జులై 18 రాత్రి బంగ్లాదేశ్‌లో ఇంటర్నెట్‌ను ఆపింది ఎవరు?

2024 జులైలో బంగ్లాదేశ్‌కు ఇంటర్నెట్ ఎందుకు ఆగిపోయిందన్న ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. అప్పటి ప్రధాని షేక్ హసీనా కుమారుడు సజీబ్ వాజెద్ జాయ్, అప్పటి ఐటీ సహాయ మంత్రి జునైద్ అహ్మద్ పలక్‌లపై ఢాకాలోని అంతర్జాతీయ నేరాల ట్రిబ్యునల్‌లో (పేరు అలా ఉన్నా అది ఆ దేశపు సొంత న్యాయస్థానమే) ఆ నిలిపివేత విషయమై దాఖలైన కేసు ఇందుకు కారణం. ప్రభుత్వ ఉద్యోగాల్లో కోటాలకు (రిజర్వేషన్లకు) వ్యతిరేకంగా విద్యార్థుల ఉద్యమం ఎలా పుట్టిందో, ఆగస్టు 5న హసీనా దేశం విడిచి ఎలా వెళ్లారో పాఠకులకు తెలిసిందే. ఆ రెండింటికీ నడుమ, జులై 18 రాత్రి 9 గంటల ప్రాంతంలో జరిగినదాన్ని అర్థం చేసుకుంటేనే మిగతాది బోధపడుతుంది.

అంతకు రెండు రోజుల ముందు రంగపూర్‌లో, బేగం రొకేయా విశ్వవిద్యాలయం ముందు, అబూ సయీద్ అనే విద్యార్థి చేతులు చాచి పోలీసులకు ఎదురుగా నిలబడి కాల్పులకు బలయ్యాడు. ఆ దృశ్యం కొద్ది గంటల్లోనే దేశమంతటా ఫోన్లలోకి చేరింది. పోలీసుల ఎఫ్‌ఐఆర్ మాత్రం ఆందోళనకారులే కాల్పులు జరిపారని, ఇటుకలు రువ్వారని, ఆ గందరగోళంలో ఒక విద్యార్థి పడిపోయాడని రాసింది. కంటితో చూసినదానికీ కాగితంపై ఉన్నదానికీ మధ్య ఇంత అంతరం కనిపించాక, ప్రభుత్వం ఆ తరువాత చెప్పిన ఏ మాటనూ యువత నమ్మలేదు. సొంత పత్రికా టీవీ ఛానెలూ లేని ఈ విద్యార్థులు సమ్మె పిలుపులను సైతం ఫేస్‌బుక్‌లోనే ప్రకటించేవారు. ప్రభుత్వానికి ఆ సంగతి కొత్త కాదు. 2018లో రహదారి భద్రత కోసం బడిపిల్లలు రోడ్డెక్కినప్పుడు మొబైల్ ఇంటర్నెట్ వేగాన్ని తగ్గించారు. ఫేస్‌బుక్ లైవ్‌లలో ఆ దృశ్యాలను చూపిన ఫొటోగ్రాఫర్ షహీదుల్ ఆలమ్‌ను వంద రోజులకు పైగా జైల్లో ఉంచారు.

ఢాకాలో ఆందోళనకారులు డేటా సెంటర్‌కు నిప్పు పెట్టడం వల్ల, తంతులు కాలిపోవడం వల్ల సేవలు నిలిచాయని పలక్ చెప్పారు. ప్రభుత్వ టీవీ కార్యాలయానికి ఆ రోజు నిప్పు పెట్టిన మాట నిజమే. అయితే సముద్రగర్భ కేబుళ్లతోనూ, భారత్ మీదుగా వచ్చే భూమార్గ తంతులతోనూ ప్రపంచంతో కలిసి ఉన్న దేశం ఒక్క భవనంలో మంటలు రేగితే ఒకేసారి పూర్తిగా మూగబోవడం సాంకేతికంగా నమ్మదగిన వివరణ కాదు. అగ్నిప్రమాదానికీ నిలిపివేతకూ సంబంధం లేదని హసీనా తరువాత వచ్చిన తాత్కాలిక ప్రభుత్వం జరిపించిన విచారణ ఆ ఆగస్టులోనే తేల్చింది.

ఆ చీకటిలోనే కాల్పులు తీవ్రమయ్యాయి, 19 రాత్రి కర్ఫ్యూ వచ్చింది, సైన్యం వీధుల్లోకి దిగింది. ఆ వారాల్లో మొత్తం 1,400 మంది వరకు చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2025 ఫిబ్రవరిలో అంచనా వేసింది. నిలిపివేత ఉద్యమాన్ని అణచలేదు సరికదా, రాజకీయాలతో పనిలేని ఇళ్లలోకి కూడా దాన్ని తీసుకొచ్చింది. ప్రీపెయిడ్ కరెంటు మీటర్లలో డబ్బు వేసుకోలేక కుటుంబాలు వరుసల్లో నిలబడ్డాయి. బయట ఉన్న కొడుకు క్షేమం తెలియక తల్లిదండ్రులు తల్లడిల్లారు. లోపలి గొంతు ఆగినప్పుడు ప్రవాసులు దాన్ని అందుకున్నారు. యూఏఈలో ఊరేగింపు తీసిన 57 మంది బంగ్లాదేశీ కార్మికులకు అక్కడి న్యాయస్థానం దీర్ఘకాల జైలుశిక్షలు వేసింది. సెప్టెంబరులో క్షమాభిక్ష దొరికే వరకు వారు ఆ మూల్యం చెల్లించారు.

మొబైల్ ఇంటర్నెట్ జులై 28న తిరిగి వచ్చినా ఫేస్‌బుక్‌పై నిషేధం 31 దాకా సాగింది. 30న ప్రభుత్వం సంతాప దినం ప్రకటించి నలుపు ధరించమంటే, విద్యార్థులు ఎరుపును ఎంచుకున్నారు. నిషేధాన్ని దాటించే వీపీఎన్ యాప్‌ల ద్వారా ఫేస్‌బుక్ లోపలికి వచ్చిన లక్షలాది మంది తమ ప్రొఫైల్ చిత్రాలను ఎర్రగా మార్చారు. సైన్యం మాజీ అధిపతి ఇక్బాల్ కరీం భుయాన్ కూడా వారిలో ఒకరు. ఒక విశ్రాంత జనరల్ ఆ గుర్తు పెట్టుకున్నాక, బ్యారక్‌లలోని సైనికులకు ఎటువైపు నిలవాలన్న ప్రశ్న తప్పించుకోలేనిదైంది.

2025 మే నెలలో హసీనా పార్టీ అవామీ లీగ్ కార్యకలాపాలను, ఆన్‌లైన్ ప్రచారంతో సహా, తాత్కాలిక ప్రభుత్వం నిషేధించింది. నాడు ఇంటర్నెట్ ఆపిన పక్షమే ఇప్పుడు విదేశాల నుంచి ఫేస్‌బుక్, టెలిగ్రామ్‌ల ద్వారా తన కార్యకర్తలతో మాట్లాడుతోంది.