పాత మ్యూజియం నెత్తిన స్లాబ్ వేస్తే రక్షణా, ముప్పా?

అపోహ: చెక్క కప్పు తీసేసి స్లాబ్ వేస్తే భూకంపానికి భయం లేదు.

ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. భూమి ఊగినప్పుడు భవనం మీద పడే బలం దాని సొంత బరువును బట్టే ఉంటుంది. కప్పు ఎంత బరువైతే గోడలను అంత బలంగా పక్కకు తోస్తుంది. సున్నంతో కట్టిన రాతిగోడ పైబరువును శతాబ్దాలు మోస్తుంది గానీ పక్కతోపుకు తట్టుకోలేదు. 1997లో ఇటలీలోని ఉంబ్రియాలో ఇదే జరిగింది. చెక్క బదులు కాంక్రీటు కప్పు వేసుకున్న పాత రాతి ఇళ్లు కొన్నింటిలో గోడలు బయటికి ఒరిగి, కప్పులు కూలాయి.

మరేం చేయాలి? గోడలనూ అంతస్తులనూ కప్పునూ ఒకదానితో ఒకటి కట్టాలి. ఒక మ్యూజియం పైఅంతస్తులో నేలచెక్క ఒకటి లేపించి చూశాను. దూలం కొస గోడలో నాలుగు వేళ్ల మేర ఆని ఉంది, అంతే. మేకు లేదు, పట్టీ లేదు. పక్క సందులో నా అరచేయి దూరిపోయింది. క్యూరేటర్ ముఖం పాలిపోయింది. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను: కంగారు పడకండి, సులువుగా సరిచేయగలిగిన లోపాల్లో ఇదొకటి. దూలం కొసకు ఉక్కు పట్టీ, గోడ బయట చిన్న ఇనుప పలక, నేలచెక్కల మీద ప్లైవుడ్ పొర. సందర్శకులకు కనిపించేది ఆ పలక ఒక్కటే. అది కూడా పాత భవనాలకు కొత్త కాదు.

అపోహ: బేస్ ఐసొలేటర్లు (భూమి ఊపు పైకి అంతగా ఎక్కకుండా భవనానికీ పునాదికీ మధ్య పెట్టే దిమ్మలు) పెట్టిస్తే ఇక చూడనక్కర్లేదు.

టోక్యోలో ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ లె కోర్బూజియే రూపకల్పన చేసిన మ్యూజియం కింద 1998లో వాటిని అమర్చారు, రూపం చెక్కుచెదరలేదు. కానీ భవనం ఊగడానికి చుట్టూ ఖాళీ జాగా ఉండాలి. తర్వాతెవరో అందులో మెట్లు కట్టేస్తే, పెట్టిన ఖర్చంతా వృథా. పక్క భవనాలతో అతుక్కున్న కట్టడానికి ఇది తేలికగా కుదిరే పని కాదు.

పగుళ్లకు సిమెంటు పూయొద్దు, తేమ లోపలే చిక్కి రాయి పొరలుగా రాలుతుంది. సున్నపు గ్రౌట్, అంటే పగుళ్లలోకి ఎక్కించే పలుచని సున్నపు మిశ్రమం, చాలు. "వందేళ్లు నిలబడిందిగా" అనేవారిని, ఆ వందేళ్లలో పెద్ద భూకంపం వచ్చిందా అని అడగండి.

డబ్బు తక్కువైతే ముందు పిట్టగోడలు, పొగగొట్టాలు, ద్వారం పైనున్న శిల్పాలు బిగించండి. జనం బయటికి పరుగెత్తేది వాటి కిందుగానే.